ఇరవై ఏడో అంతస్తులో వాకిలి

పదకొండేళ్లుగా నేను హైదరాబాదులో కట్టే ఇళ్లను నిజామాబాదు జిల్లా వాళ్లకు అమ్ముతున్నాను. మామూలు ఇళ్లయితే ఎవడైనా అమ్ముతాడు. మేం అమ్మేవి వింత ఇళ్లు. ఒక టవర్లో కారు కూడా లిఫ్టెక్కి మీ హాలు పక్కనే వచ్చి నిలబడుతుంది. ఇంకోదాంట్లో ప్రతి ఫ్లాటుకూ సొంత ఈతకొలను ఉంది. అందులో ఈదినవాణ్ని నేనింతవరకూ చూడలేదు గానీ, దాని చుట్టూ ఉన్న రైలింగు మీద దుప్పట్లు ఆరేసినవాళ్లను చాలామందిని చూశాను.

నన్ను ఉద్యోగంలో పెట్టుకున్నది చదువు చూసి కాదు, యాస చూసి. నేను బోధన్‌లో పుట్టినవాణ్ని. చెరుకు లారీల వెనక పరుగెత్తి గడలు గుంజుకుని తిన్న బాపతు. "పసుపు రైతు దగ్గరికి ఇంగ్లీషు మాట్లాడేవాణ్ని పంపితే చాయ్ తాగించి పంపిస్తాడు. నువ్వెళితే ఇంట్లో కూర్చోబెట్టి అన్నం పెడతాడు. అన్నం పెట్టినవాడు కొనకుండా ఉండలేడు" అనేవాడు మా మేనేజరు. నిజమే. ఎవరింటికి వెళ్లినా ముందు "అన్నా, అవ్వ మంచిగున్నదా?" అని వాళ్ల అమ్మ సంగతి అడిగేవాణ్ని. ఆ పలకరింపు మా బాపు నేర్పింది. దాన్ని నేను బజారుకు తెచ్చాను.

ఆ ఏడు మాకు వచ్చిన టవరు మరీ విచిత్రం. ప్రతి ఫ్లాటు ముందు, ఒకదాని మీదికి ఇంకోటి రాకుండా, ఖాళీ జాగా వదిలి, పైన కప్పు లేకుండా, ఎండా వానా నేరుగా పడేలా కట్టారు. దానికి కంపెనీ వాళ్లు నోరు తిరగని ఇంగ్లీషు పేరొకటి పెట్టారు. జిల్లాలో ఒక్క ఫ్లాటూ పోలేదు. అంత డబ్బు పెట్టి ఇంత ఖాళీ ఎందుకని జనం మొహం మీదే అడిగేవాళ్లు. మీటింగులో నేనే లేచి, "సార్, దాన్ని వాకిలి అని చెప్పండి, మావాళ్లకు ఎక్కుతుంది" అన్నాను. నెల తిరగకుండా నిజామాబాదు బస్టాండు ముందు, బోధన్ రోడ్డు మీద పెద్ద బోర్డులు లేచాయి: 'మీ ఊరి వాకిలి, ఇప్పుడు ఆకాశంలో'. ఆ బోర్డు కింద నిలబడి ఫోటో దిగి మా అవ్వకు పంపించాను. అంత గర్వపడ్డాను.

వాకిలి అనేటప్పుడు నా మనసులో ఉన్నవి ముగ్గూ, నులక మంచమూ, సాయంత్రం చాయ్. మా వైపు వాకిలికి ఇంకో పని కూడా ఉంది. మనిషి పోతే ఇంట్లోంచి తెచ్చి పడుకోబెట్టేది, చివరి నీళ్లు పోసేది, నలుగురూ వచ్చి చూసేది, పాడె కట్టేది అక్కడే. అది నాకు తెలియదా? తెలుసు. అమ్మకానికి పనికిరాదని ఆ సంగతి పక్కన పెట్టాను.

నిజామాబాదులో ఒక ఫంక్షన్ హాలు కిరాయికి తీసుకుని రెండు రోజులు స్టాలు పెట్టాం. రెండో రోజు మధ్యాహ్నం ఒకావిడ కూతురితో వచ్చింది. అరవై దాటి ఉంటాయి. వేళ్ల చివర్లు తంబాకుతో గోధుమరంగు తిరిగి ఉన్నాయి. బీడీలు చుట్టే చేయి అని చూడగానే తెలుస్తుంది. మా ధంధాలో మనిషిని చెప్పులు చూసి లెక్కగడతాం. ఆవిడ చెప్పులు చూసి మా స్టాలు కుర్రాళ్లెవరూ లేవలేదు. ఆవిడే వచ్చి నా ముందు కుర్చీలో కూర్చుని, బ్రోషర్లో వాకిలి బొమ్మ మీద వేలు పెట్టింది.

"గిది నిజంగ వాకిలేనా బిడ్డ?"

"నిజంగనే పెద్దమ్మా."

"కొన్నంక మనదేనా? మల్ల ఎవలన్న అచ్చి అడ్డం పడుతరా?"

"మీ ఇంటి వాకిలికి ఎవలు అడ్డం పడుతరు?"

"అయితే సచ్చినంక నన్ను గండ్ల పండవెడుతరా?"

కూతురు సిగ్గుపడి, "అమ్మా, ఇప్పుడెందుకదంతా" అంది. ఆమె హైదరాబాదులో ఏదో కాలేజీలో లెక్చరరు, పెళ్లి చేసుకోలేదు, తల్లికి ఆమె, ఆమెకు తల్లి. నేను నవ్వేశాను. ఆవిడ నవ్వలేదు. జవాబు కోసం నా ముఖంలోకి చూస్తూ కూర్చుంది.

తర్వాత రెండు మూడు సార్లు నిజామాబాదులో వాళ్ల కిరాయి ఇంటికి వెళ్లినప్పుడు సంగతి తెలిసింది. ఆవిడ భర్త రైసు మిల్లులో గుమస్తా. బోధన్ పక్క పల్లెలో చెరుకు పొలం ఉండేది గానీ ఇల్లు లేదు, ముప్పై ఏళ్లు నిజామాబాదులో కిరాయిళ్లల్లోనే గడిపారు. ఆయన దవాఖానలో పోతే, శవాన్ని ఇంటికి తెచ్చేసరికి ఇంటి ఓనరు గేటుకు తాళం వేసి నిలబడ్డాడట. చనిపోయిన గడియ మంచిది కాకపోతే ఇల్లు ఆర్నెల్లు మూసిపెట్టాలి, ఆ నష్టం నాకెందుకన్నాడట. చివరికి ఎదురుగా మోరీ కాలువ పక్కన నాలుగు కట్టెలు పాతి, తాటిపత్రి పట్టా కట్టి, దాని కింద పడుకోబెట్టారు. వాన పడుతోంది. "కాళ్లు తడిసినయ్ బిడ్డ. నేను కొంగు గప్పుతున్న, అది గూడ తడుస్తున్నది. ముప్పై ఏండ్లు ఒక్క నెల కిరాయి ఆపలేదు ఆయన" అని చెప్పింది. చెబుతున్నంతసేపూ ఒళ్లో చాట పెట్టుకుని బీడీలు చుడుతూనే ఉంది. ఏడవలేదు. నేనే కళ్లు తుడుచుకున్నాను. బయటికొచ్చి బండి స్టార్ట్ చేస్తూ, ఈ పార్టీ ఖాయం అనుకున్నాను. రెండూ ఒకే నిమిషంలో జరిగాయి. అది నా తత్వం.

బైపాస్ రోడ్డు రావడంతో ఆ చెరుకు పొలానికి ఎన్నడూ లేని ధర పలికింది. ఆవిడ అమ్మేసింది. మరిది పగబట్టాడు. వాళ్ల ఊళ్లో ఆవిడ పేరెత్తేవాళ్లు లేకుండా పోయారు. కూతురు మామూలు ఫ్లాటు చాలు అని నెత్తీ నోరూ కొట్టుకుంది. తల్లి వినలేదు. వాకిలి ఉన్నదే కావాలంది.

సైటు చూపించడానికి బస్సులో తీసుకెళ్లాం. సాంపుల్ ఫ్లాటులో మిగతావాళ్లు వంటింటి కుళాయిలు తిప్పి చూస్తున్నారు. ఈవిడ నేరుగా వాకిట్లోకి పోయి, దక్షిణం ఎటని నన్నడిగి, అటు తల పెట్టి ఆ ప్లాస్టిక్ గడ్డి మీద వెల్లకిలా పడుకుంది. చేతులు పొట్ట మీద పెట్టుకుంది. చందూర్ నుంచి వచ్చిన రైతు భార్య ఒకామె బిత్తరపోయి, "అయ్యో, ఏమైందమ్మా" అని పరుగెత్తుకొచ్చింది.

"ఏం గాలే. సుట్టూ నలుగురు తిరుగనీకి జాగ సాలుతదా, సూస్తున్న" అంది పడుకునే.

చాలింది. లేచి లిఫ్టు దగ్గరికి పోయి, మూరలతో పొడుగు కొలిచింది. "పాడె పడుతది" అని కూతురికి చెప్పింది. ఆ మాటన్నప్పుడు ఆవిడ ముఖంలో ఉన్న సంతోషం నేను ఏ కస్టమర్ ముఖంలోనూ చూడలేదు. ఈతకొలను కొన్నవాడికి కూడా అంత సంతోషం కలగలేదు.

వాళ్లను బస్సెక్కించి నేను మేనేజరును అడిగాను. ఆయన కంప్యూటర్ లోంచి తల ఎత్తకుండా, "బాడీలను పైకి రానివ్వరయ్యా. ఏ లగ్జరీ టవర్లోనూ రానివ్వరు. అగ్రిమెంటు వెనకాల అసోసియేషన్ రూల్సులో ఉంటుంది చూసుకో" అన్నాడు. చూసుకున్నాను. చిన్న అక్షరాల్లో ఉంది. బయట చనిపోయిన వారి దేహాన్ని నివాస అంతస్తులకు తీసుకురాకూడదు, సర్వీసు గేటు దగ్గర కేటాయించిన చోట మాత్రమే ఉంచాలి. "మరి ఆవిడకు ఏం చెప్పమంటారు సార్?" అన్నాను. "ఆవిడ అడిగినప్పుడు చూద్దాం" అన్నాడు. ఆవిడ అప్పటికే అడిగింది.

రిజిస్ట్రేషన్‌కు ముందు కూతురు అగ్రిమెంటు మొత్తం చదవడానికి కూర్చుంది. పేజీ పేజీ చదువుతోంది, చదువుకున్న పిల్ల. కుక్కలను పెంచుకోవడం గురించిన నిబంధన దాకా వచ్చింది. దాని తర్వాతి పేజీలోనే ఇది ఉంది. నేను చాయ్ తెప్పించాను. కప్పు చేతికిస్తూ, "చెల్లె, గీ రూల్సన్నీ అన్ని టవర్లల్ల ఒక్కటే, ఊరికె రాస్తరు. టైమైతున్నది, ఆఫీసుల మన నంబరొచ్చింది" అన్నాను. ఆమె తల్లి వైపు చూసింది. తల్లి నావైపు చూసి, "మనోడే గద, సంతకం పెట్టు బిడ్డ" అంది. పెట్టింది.

ఇంట్లోకి దిగిన ఏడాదికి ఒకసారి భోజనానికి పిలిచారు. మిగతా ఫ్లాట్ల వాకిళ్లలో ఊయలలూ, కుండీలూ, దీపాల తోరణాలూ నిండిపోయాయి. ఈవిడ వాకిలి మాత్రం తుడిచి పెట్టినట్టు ఖాళీగా ఉంది. ఒక్క తులసి కుండీని కూడా మూలకు జరిపి పెట్టింది. తను మాత్రం గోడకు ఆనుకుని చాట పెట్టుకుని బీడీలు చుడుతోంది. తంబాకు వాసన వస్తోందని అసోసియేషన్ వాళ్లు రెండు సార్లు నోటీసు పంపారట. "ఇరవై ఏడు మెట్లు ఎక్కినంక గూడ కార్ఖానా బుద్ధి పోలేదంటున్నరు" అని నవ్వింది. మెట్లు కావు, అంతస్తులు అని నేను దిద్దలేదు. వస్తుంటే లిఫ్టు దాకా వచ్చి, కూతురు వినకుండా అంది:

"నాకు పానం బాగుంటలేదు బిడ్డ. దవాఖానకు తీస్కపోకని దీనికి జెప్పు. తీస్కపోతే మల్ల లోపలికి రానియ్యరు, నాకెర్కే. నువ్వు జెప్తె ఇంటది."

అప్పుడు చెప్పి ఉండవలసింది. భయం నిజమే పెద్దమ్మా, రానివ్వరు, ఏదన్నా దారి చూసుకుందాం అని. నేను చెప్పింది ఇది: "నీకేం గాదు పెద్దమ్మా. రానియ్యకపోవుడేంది, నేను లేనా?"

ఆర్నెల్లకు, ఒక ఉదయం ఏడు కాకముందే ఫోను మోగింది. కూతురు. ముందు రోజు తల్లికి ఊపిరాడక దవాఖానకు తీసుకెళ్లింది. తీసుకెళ్లకుండా ఏ కూతురు ఉంటుంది? తెల్లవారుజామున పోయింది. ఇప్పుడు బండిలో టవరు ముందు ఉన్నారు, గేటు తీయడం లేదు.

ఆ రోజు నేను హైదరాబాదులోనే ఉన్నాను. వెళ్లేసరికి అంబులెన్సును సర్వీసు గేటు వైపు, చెత్త బండ్లు ఆగేచోట పెట్టించారు. సెక్యూరిటీ వాళ్లు రూలు కాగితం చూపించారు. అసోసియేషన్ సెక్రటరీ కిందికి వచ్చి చాలా మర్యాదగా మాట్లాడాడు. పిల్లలు స్కూలుకు వెళ్లే టైము, వాళ్లు భయపడతారు, అర్థం చేసుకోండి, ఇక్కడే షామియానా వేయిస్తాం అన్నాడు. తిట్టినా బాగుండేది. నేను కంపెనీ పేరు చెప్పాను, మేనేజరుకు ఫోను చేశాను, బతిమాలాను. మేనేజరు, "నువ్వు అక్కడినుంచి ముందు బయటపడు" అన్నాడు. కూతురు నన్ను తిట్టలేదు. "అన్నా, నువ్వు చెప్పినవు గద" అని మాత్రం అంది, రెండుసార్లు. అది తిట్టు కాదు. నన్నింకా నమ్ముతూ, ఏదో ఒకటి చేస్తానని ఎదురుచూస్తూ అన్న మాట. చెవుల్లో సీసం పోసినట్టయింది నాకు.

చెత్త బండ్ల పక్కన ఉంచనని ఆమె తేల్చి చెప్పింది. చుట్టాలంతా బోధన్ వైపే ఉన్నారు, మంజీర నది ఒడ్డున కానిద్దాం అంది. అంబులెన్సులో నేను కూడా ఎక్కాను. కామారెడ్డి దాటాం. ఆమె ఫోన్లు చేస్తూనే ఉంది. మరిది, పొలం అమ్ముకున్నోళ్లకు ఊళ్లో ఏం పని అన్నాడట. చందూర్లో ఉన్న పిన్నిదీ కిరాయి ఇల్లే. ఆఖరికి నావైపు తిరిగింది.

"అన్నా, బోధన్ల మీది సొంత ఇల్లే గద. వాకిలి ఉన్నదా?"

ఉంది. మూడు నెలల కింద గృహప్రవేశం చేశాం. పాత పెంకుటిల్లు పడగొట్టి కట్టించాను. ముందు విశాలంగా వాకిలి వదిలి నున్నటి బండలు పరిపించాను. ఆ బండలకు డబ్బు ఎక్కడిదో చెప్పాల్సిన పని లేదు. ఆ ఏడు నేను అమ్మిన ఇళ్లలో ఈమె ఇల్లే పెద్దది.

"ఒక్క గంట అన్నా. నీళ్లు వోసి, బొట్టు వెట్టి తీస్కపోతం. ఇంకేం అడుగ."

"అవ్వనడుగుత" అన్నాను. అడిగాను. మా అవ్వ ఫోనులో అంతా విని, ఒక్క క్షణం కూడా ఆలోచించలేదు. "గదేం మాట బిడ్డ, తీస్కరా. ఆడిపిల్ల ఒక్కతి ఏం జేస్తది పాపం. నేను వాకిలి కడిగి వెడుత" అంది.

ఫోను పెట్టేశాను. మా కొత్త ఇంటి గడప కళ్ల ముందు మెదిలింది, దానికి రాసిన పసుపు ఇంకా పచ్చగానే ఉంది. గడియ మంచిది కాకపోతే ఇల్లు మూయాల్సి వస్తే అవ్వ ఎక్కడికి పోతుంది, ఇరుగుపొరుగు ఏమంటారు, ఇలా ఏవేవో అనుకున్నాను. అవన్నీ సాకులు. కొత్త ఇంట్లోకి పరాయి శవం రావడం నాకు ఇష్టం లేదు, భయమేసింది, అంతే. ఆవిడ భర్త పోయిన రోజు గేటుకు తాళం వేసినవాడు ఎవడో నాకు తెలియదు గానీ, వాడి మనసు ఎలా ఉంటుందో ఆ నిమిషంలో తెలిసింది. అందులో కోపమేమీ ఉండదు.

"అవ్వ ఒప్పుకుంటలేదు చెల్లె" అన్నాను.

ఆమె తల ఊపింది. "కొత్త ఇల్లు గద, పెద్దోళ్లకు పట్టింపులుంటయ్. ఏమనుకోకు" అని నన్నే ఓదార్చింది.

బోధన్ ఊళ్లోకి పోకుండా పక్క నుంచి నేరుగా మంజీర ఒడ్డుకు తీసుకెళ్లాం. పదిహేను మంది దాకా చుట్టాలు వచ్చారు. ఆడవాళ్లు చీరలు అడ్డం పట్టుకుని, బండి పక్కనే ప్లాస్టిక్ డ్రమ్ములోంచి చెంబులతో నీళ్లు పోశారు. పాడె ఎత్తాక ఒక చిక్కొచ్చింది. మా వైపు ఇంటికీ శ్మశానానికీ సరిగ్గా నడుమ పాడెను ఒకసారి కిందికి దించుతారు. అయినవాళ్లు చెవిలో మూడుసార్లు పిలుస్తారు, ఏమో, ప్రాణం ఉంటే పలుకుతుందేమోనని. దింపుడు కల్లం అంటారు. ముందు నడుస్తున్న ముసలాయన ఆగి, "ఏడ దించాలె?" అని అడిగాడు. ఇల్లే లేనిది నడుమ ఎక్కడని చెప్తారు? చివరికి బండి నిలబడినచోటుకూ కట్టెలు పేర్చినచోటుకూ మధ్య, పది అడుగులు వేసి, ఇసుకలో దించారు. కూతురు వంగి "అమ్మా" అని పిలిచింది మూడుసార్లు. నేను అక్కడ నిలబడలేక నీళ్ల వైపు పోయాను.

అంతా అయ్యేసరికి పొద్దు వాలుతోంది. ఆమెను చందూర్ పిన్ని తనవెంట తీసుకుపోయింది. నేను నదిలో మునిగి తడిబట్టలతోనే ఆటో ఎక్కి ఇంటికి పోయాను.

అవ్వకు మళ్లీ ఫోను చేయాలన్న సంగతే నాకు తట్టలేదు. గేటు బార్లా తీసి ఉంది. వాకిలంతా కడిగి ఉంది. మధ్యలో దక్షిణం తలకు అవ్వ పక్కింటి వాళ్ల ఈతచాప తెచ్చి పరిచింది. తల దగ్గర దీపంతెలో నూనె పోసి, వత్తి వేసి, వెలిగించకుండా ఉంచింది. రెండు బిందెల నీళ్లు. పొద్దున్నుంచి పొయ్యి ముట్టించినట్టు లేదు. అరుగు మీద కూర్చున్న మనిషి నన్ను చూసి గోడ పట్టుకుని లేచింది.

"ఏడున్నరురా? ఇంత ఆల్చమైందేంది?"

"వేరే కాడికి తీస్కపోయిండ్రే అవ్వ."

"ఏడికి?"

"ఆమెకు సొంత జాగ ఉందట."

అవ్వ ముఖం తేటపడింది. రెండు చేతులూ ఎత్తి మొక్కింది. "పోనీ తియ్, మంచిగైంది. పరాయి వాకిట్ల పండుడు ఎవలకు ఇష్టముంటది? సొంత జాగల పన్నది, పున్నెపు మనిషి" అంది. తర్వాత వంగి చాప చుట్టి నా చేతిలో పెట్టి, పక్కింట్లో ఇచ్చి రమ్మంది. తీసుకెళ్లి ఇచ్చి వచ్చాను.